స్నానాలగది గూట్లో రేజర్

పోయిన నెల ఇదే పేజీలో ఇత్తడి సామాను తోమడం గురించి రాస్తూ, మాటల్లో మాటగా మా నాన్నగారి ఇత్తడి రేజర్ సంగతి ఒక్క లైను రాశాను. అంతే, కుక్కర్లూ మిక్సీ జార్ల మీద రావలసిన ఉత్తరాలు ఆగిపోయి రేజర్ల మీద మొదలయ్యాయి. ఎక్కువ మన ఒడిశాలోని బరంపురం చుట్టుపక్కల నుంచే, కొన్ని రాయగడ, కొరాపుట్ వైపు నుంచి. అందుకని ఈసారి పేజీ మొత్తం రేజర్‌కీ బ్లేడుకీ ఇచ్చేశాను. గెడ్డం పెంచుకున్నవాళ్లు మన్నించాలి.

*ప్రశ్న: మాస్టారూ, మాది గోపాల్‌పూర్. మూడు ముక్కలుగా ఊడే రేజర్, రెండు వైపులా పదునుండే బ్లేడు వాడతాను. గెడ్డం గీసుకున్నాక బ్లేడు తీసి, కడిగి, దాని కాగితంలోనే మళ్లీ చుట్టి, రేజర్‌తో పాటు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బాత్‌రూమ్ గూట్లో ఉంచుతాను. ఇంత జాగ్రత్త పడినా రెండో రోజుకే గోధుమరంగు మరకలు. మూడు కంపెనీలు మార్చాను. మా ఊళ్లో అమ్మేదంతా నకిలీ సరుకేనా? ఫొటో పంపుతున్నాను. — పాఠకుడు, గోపాల్‌పూర్*

నకిలీ కాదండీ. ఫొటో చూడగానే అనుకున్నాను, ఎందుకంటే మరక ఎక్కడుందో చూడండి, అంచు మీద లేదు. బ్లేడు మధ్యలో పొడవాటి కంత ఉంటుంది కదా, దాని చుట్టూ ఉంది, అక్కడి నుంచి కాగితం మడత పడినచోట ఒక సన్నటి గీతలా సాగింది. నీళ్లు ఎక్కడ ఇరుక్కున్నాయో తుప్పు అక్కడే పట్టింది. మూడు కంపెనీలు మార్చారు గానీ కాగితం, డబ్బా, గూడు మాత్రం మార్చలేదు.

స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని మనందరి నమ్మకం. బ్లేడు ఉక్కులో సుమారు 13 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద కంటికి కనపడనంత పల్చటి పొర కడుతుంది, తుప్పుని ఆపేది ఆ పొరే. గీత పడితే మళ్లీ తనంతట తనే కట్టుకుంటుంది, కాకపోతే గాలి తగలాలి. తడి కాగితం కింద గాలెక్కడిది? నీటిచుక్క మాత్రం తెల్లారేదాకా కదలదు. పైగా సముద్రం పక్కన ఊరు. కిటికీ ఊచలకి ఏటా రంగు వేయించుకునేవాళ్లకి ఉప్పుగాలి గురించి నేను చెప్పేదేముంది. ఉప్పులో ఉండే క్లోరైడ్‌కి ఆ పొరంటే పడదు, సూదితో పొడిచినట్టు చిన్నచిన్న చిల్లులు పెడుతుంది. మరి వంటింట్లో స్టీలు గిన్నె రాత్రంతా సింకులో పడున్నా ఏమీ కాదేం అంటారా, మంచి గిన్నెల్లో క్రోమియం 18 శాతం దాకా ఉంటుంది, నికెల్ కూడా కలుస్తుంది. బ్లేడుకి పదును నిలవాలంటే గట్టిదనం కావాలి, అందుకు కార్బన్ ఎక్కువ వేస్తారు, ఆ మేరకు తుప్పుకి తట్టుకునే శక్తి తగ్గుతుంది. (ఒడియాలో తుప్పుని కళంకి అంటారు. నలభై ఏళ్లు ఇక్కడ కెమిస్ట్రీ పాఠం చెప్పినవాణ్ణి, తుప్పుకి ఇంతకన్నా మంచి మాట నాకు తగల్లేదు.)

ఇక చేయాల్సింది. ముందు ఆ కాగితం పారేయండి. అది కొత్త బ్లేడు కొట్టు నుంచి ఇంటికి వచ్చేదాకా పనికొస్తుంది, తడి బ్లేడు చుట్టడానికి కాదు. రోజూ బ్లేడు తీయడం కూడా మానేయండి, తీసిన ప్రతిసారీ అంచు దేనికో ఒకదానికి తగులుతుంది, లేదా మన వేలికి తగులుతుంది. బ్లేడు రేజర్‌లోనే ఉండనిచ్చి, పిడిని అర చుట్టు వదులు చేసి, ధారగా పడే నీళ్ల కింద రెండు వైపులా పట్టండి. బ్లేడు పైనుండే మూతకీ, కిందుండే పలకకీ మధ్య నుంచి తెల్లటి నురగ, వెంట్రుకల నలుసులు వస్తూనే ఉంటాయి, నీళ్లు తేటగా వచ్చేదాకా పట్టాలి. కుళాయి లేనివాళ్లు మగ్గులో జాడిస్తారు, తప్పేం లేదు, కానీ చివరి నీళ్లు ఆ సబ్బు మగ్గువి కాకూడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో ఆఖరున తాగే నీళ్లు అర గ్లాసు పోస్తే బ్లేడు మీద ఉప్పు మిగలదు. నీళ్లు కాస్త వేడిగా ఉంటే మరీ మంచిది, లోహం వేడెక్కి తడి తొందరగా ఆరిపోతుంది. వేడిగా అన్నాను, మరిగించమన్లేదు.

తర్వాత బకెట్ మీద పట్టుకుని నాలుగైదుసార్లు గట్టిగా విదిలించండి. మీరు పిడిని అర చుట్టు కాకుండా రెండు మూడు చుట్లు విప్పేసి ఉంటే ఈ విదిలింపుకి బ్లేడు గోడకి తగులుతుంది, చూసుకోండి.

తువ్వాలుతో తుడవాలా అని ఇంకో నలుగురు అడిగారు. వద్దు. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు, అంచు ఇంకెంత పల్చనో ఊహించుకోండి, దాని మీద పూత కూడా ఉంటుంది, దాన్ని ముతక దూది పోగుల మీద రుద్దడమెందుకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రోజూ తుడిచేవాణ్ణి. ఒక సోమవారం పొద్దున తొందరలో తువ్వాలు చీలి, కింద ఉన్న బొటనవేలు కూడా చీలింది. ఆ రోజు క్లాసులో సుద్దముక్క పట్టుకున్నప్పుడల్లా బోర్డు మీద ఎర్ర చుక్క. పిల్లలు నవ్వలేదు పాపం, వెనక బెంచీ తప్ప. మూత పైభాగం, పిడి మాత్రం తువ్వాలుతో అద్దండి, పదును జోలికి వెళ్లకండి.

పెట్టే చోటుకొద్దాం. బాత్‌రూమ్‌లో వేణ్ణీళ్ల స్నానం అయ్యాక అద్దం మీద చూపుడువేలితో పేరు రాయొచ్చు, అంత ఆవిరి. అదే ఆవిరి గూట్లో ఉన్న రేజర్ మీద కూడా వాలుతుంది. మా ఇంట్లో రేజర్ పడకగది కిటికీ పక్కన మేకుకి వేలాడుతుంది, తల కిందికి. తల పైకి పెట్టాలా కిందికి పెట్టాలా అని పెద్ద చర్చే చేస్తారు కొందరు, నా లెక్కలో చుట్టూ గాలి ఆడితే ఎలా పెట్టినా ఒకటే. సబ్బుపెట్టె అంచున పడుకోబెట్టడం, తడి బ్రష్షుతో కలిపి ఒకే గ్లాసులో నిలబెట్టడం, మూసిన డబ్బాలో తడిగా పెట్టడం, ఈ మూడూ మాత్రం వద్దు. పటిక ముక్కని కూడా రేజర్ పక్కన ఉంచకండి, తడిసిన పటిక నీళ్లకి పులుపు గుణం ఉంది, అది కారి లోహాన్ని తింటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా గోపాల్‌పూర్‌లో కిటికీ పక్కన పెట్టినా ఏదీ ఆరదు, ఆ నాలుగైదు నెలలు మందుల షాపులో దొరికే స్పిరిట్ ఒక చిన్న సీసా తెచ్చుకుని రేజర్ తలని ఒక్కసారి ముంచి తీయండి. స్పిరిట్ ఆవిరవుతూ లోపలి తడిని కూడా లాక్కుపోతుంది. మిగతా నెలల్లో దండగ.

ఒక్క హెచ్చరిక. వదులు చేసిన పిడిని మర్నాడు మళ్లీ బిగించాలి. నేను మరిచిపోయాను ఒకసారి. గడ్డం కింద ఆ గీత ఇప్పటికీ ఉంది, పెళ్లి ఫొటోల్లో కూడా ఉంది.

ఇదంతా చేస్తే బ్లేడు ఎన్ని రోజులొస్తుందని మీ తర్వాతి ఉత్తరంలో అడుగుతారని తెలుసు. చాలామందికి మూడు నుంచి ఆరుసార్లు. నెలరోజులు వాడానని గొప్ప చెప్పుకునేవాళ్లు బుగ్గ మీద మంట గురించి చెప్పరు. ఆరబెట్టినంత మాత్రాన బ్లేడు చిరంజీవి కాదు. వెంట్రుక కన్నా ఉక్కు యాభై రెట్లు గట్టిది, అయినా మెత్తటి వెంట్రుకే దాన్ని పాడుచేస్తుంది. 2020లో అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, అంచు నున్నగా అరగడమే కాదు, ఉక్కు అమరిక సమంగా లేనిచోట వెంట్రుక వంగి తగిలినప్పుడు అక్కడ చిన్న పెచ్చు లేచిపోతోందని తేలింది. కాబట్టి లాగుతున్నట్టు అనిపించిన రోజున మార్చేయండి, లెక్కలు రాసుకోనక్కర్లేదు.

*ప్రశ్న: మా తాతగారు వాడిన బ్లేడుని గాజు గ్లాసు లోపల పెట్టి వేళ్లతో అటూ ఇటూ రుద్దేవారు, తర్వాత కొబ్బరినూనె రాసి పెట్టేవారు. ఒక్క బ్లేడు రెండు నెలలు వచ్చేదట. ఇప్పుడు నేను అలాగే చేస్తుంటే పదును ఇంకా తొందరగా పోతోంది. నా చేతివాటం తేడానా? — రిటైర్డ్ ఉద్యోగి, పర్లాకిమిడి*

చేతివాటం కాదండీ, బ్లేడే వేరు. కింగ్ జిల్లెట్ అనే అమెరికన్ ఈ వాడి పారేసే బ్లేడు రేజర్‌ని 1903లో అమ్మకానికి పెట్టాడు, ఆ ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. పేటెంట్ 1904లో వచ్చింది. అప్పట్నుంచి 1960ల దాకా బ్లేడంటే కార్బన్ స్టీలే. తడి తగిలితే మధ్యాహ్నానికే తుప్పు, అందుకే మీ తాతగారు నూనె రాశారు, రాయడం సరైనదే. అంచు వంగితే గాజు మీద సవరించుకోవచ్చు, అది కూడా అప్పటికి సరైనదే. 1960ల తర్వాత స్టెయిన్‌లెస్ బ్లేడ్లు వచ్చాయి, వాటి అంచున క్రోమియంలాంటి గట్టి లోహాల పూత, దాని మీద నాన్‌స్టిక్ పెనానికి ఉండే పూత లాంటిది. మీరు గాజు మీద రుద్దుతున్నది ఆ పూతని. పెనాన్ని పీచుతో తోమితే ఏమవుతుందో ఇంట్లో అడగండి.

నూనె వల్ల నష్టమేమీ లేదు గానీ రోజూ గీసుకునేవాళ్లకి అవసరం లేదు, మర్నాడు సబ్బు నురగకి అడ్డుపడుతుంది. ఇక రెండు నెలలొచ్చిందన్న లెక్క, తాతగారు వారానికి ఒక్కరోజు గీసుకునేవారేమో కనుక్కోండి. మా నాన్నగారు ఆదివారం ఒక్కరోజే.

*ప్రశ్న: రేజర్ మీద తెల్లటి గార పేరుకుపోయింది, సబ్బుతో పోవడం లేదు. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టమని ఫ్రెండ్ చెప్పాడు. — పాఠకుడు, ఛత్రపురం*

రాత్రంతా వద్దు. నేను చేసి చూశాను, కొత్తది, క్రోమ్ పూతతో అద్దంలా మెరిసే రేజర్. తెల్లారేసరికి గార పోయింది, దాంతో పాటు పలక అంచుల్లో మెరుపూ పోయి, కింద బూడిదరంగు బొబ్బలు తేలాయి. చవకగా దొరికే రేజర్ల తల చాలావరకు జింక్ కలిసిన లోహంతో పోతపోసి పైన క్రోమ్ పూస్తారు. పూతకి ఒక్క సూదిమొన చిల్లున్నా పులుపు లోపలికి దిగి జింక్‌ని తింటుంది, కింద నేల గుల్లయ్యాక పైన పూత నిలవదు.

ఆ గార ఏమిటంటే, బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కట్టిన మడ్డి. బ్లేడు తీసేసి, మూడు ముక్కలూ విప్పి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మర చుట్లలో, పలక కింద గాళ్లలో ఎక్కువుంటుంది. సగానికి పైగా దీంతోనే పోతుంది. అప్పటికీ పోని చోట వెనిగర్‌కి సమంగా నీళ్లు కలిపి, అందులో బ్రష్షు ముంచి, రుద్ది, నిమిషం రెండు నిమిషాల్లో కడిగేయండి. అల్యూమినియం పిడి ఉంటే అదీ వద్దు. పదిహేను రోజులకోసారి సబ్బునీళ్లతో ఈ పని చేస్తుంటే అసలు వెనిగర్ సీసా మూత తీసే అవసరమే రాదు.

*ప్రశ్న: హాస్టల్లో ముగ్గురం ఒక రూమ్. రేజర్ ఒకటే, బ్లేడు మాత్రం ఎవరిది వాళ్లదే. మార్చినప్పుడల్లా కడుగుతాం. ఏమన్నా ప్రాబ్లమా సార్? — విద్యార్థి, రాయగడ*

ప్రాబ్లమే బాబూ. బ్లేడు మారింది సరే, మూత లోపలివైపు మారలేదు కదా. గీసుకునేటప్పుడు కంటికి కనపడనంత నెత్తురు, చర్మం పొట్టు వెళ్లి అక్కడే కూర్చుంటాయి. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట, ఎండిపోయిన నెత్తుటి మరకలో కూడా, కనీసం ఏడు రోజులు బతికుంటుంది. కుళాయి కింద ఓసారి కడిగితే పోయే సంగతి కాదిది. రేజర్ ఒక్కొక్కరు ఒక్కొక్కటి కొనుక్కోండి, ముగ్గురూ ఒక సినిమా మానేస్తే సరిపోతుంది. హెపటైటిస్ బికి టీకా ఉంది, చిన్నప్పుడు వేశారో లేదో ఇంటికి ఫోన్ చేసి అడగండి. సెలూన్‌కి వెళ్లినప్పుడు కూడా కొత్త బ్లేడు మీ కళ్లముందు రెండుగా విరిచి ఎక్కించమనండి, మొహమాటపడకండి, వాళ్లకిది రోజూ వినే మాటే.

*ప్రశ్న: తుప్పు పట్టిన బ్లేడు తెగితే ధనుర్వాతం ఖాయమని మా అత్తగారు. నిజమా? — పాఠకురాలు, గుణుపురం*

తుప్పులోంచి ధనుర్వాతం పుట్టదమ్మా. ఆ బ్యాక్టీరియా మట్టిలో, పేడలో ఉంటుంది, మురికి పట్టిన ఏ వస్తువు మీదికైనా రావచ్చు. తుప్పు పట్టిన మేకు సామాన్యంగా మట్టిలోనే పడుంటుంది గనక ఆ రెండిటికీ చుట్టరికం కలిపేశారు. అలాగని అత్తగారి మాట కొట్టిపారేయకండి, గాయం లోతుగా ఉన్నా, మురికి తగిలినా, సబ్బుతో కడిగి డాక్టరు దగ్గరికెళ్లి చివరి ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి. తుప్పు పట్టిన బ్లేడుతో మాత్రం ఎవరూ గీసుకోకండి, గరుకు అంచు చర్మాన్ని చెక్కేస్తుంది.

*ప్రశ్న: నాన్నగారు పోయాక ఆయన రేజర్ నా దగ్గరుంది, ఇత్తడిది, ఇంగ్లండులో తయారైంది. నేను వాడను, ఉంచుకోవాలని. తోలు పెట్టెలో పెడితే పచ్చగా పడుతోంది. — పాఠకుడు, కొరాపుట్*

అది చిలుం, తుప్పు కాదు. ఇనుము ఉంటేనే ఎర్ర తుప్పు, ఇత్తడిలో రాగి ఉంది గనక పచ్చగా పడుతుంది. తోలు పెట్టె వానాకాలంలో తడి పీల్చుకుని వదలదు, రేజర్‌ని అందులోంచి తీసేయండి. లోపల పాత బ్లేడు ఉంటే అదీ తీయండి, రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటే రెంటిలో ఒకటి తొందరగా పాడవుతుంది. సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు, అంతే. చింతపండు రాసి తళతళలాడించాలని చేతులు దురద పెడతాయి, నికెల్ పూత మిగిలి ఉంటే అదికాస్తా పోతుంది. బాగా ఆరాక మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ ఒక చుక్క మర మీద, ఇంకో చుక్క ఒంటికంతా పల్చగా పూసి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. కొబ్బరినూనె అయితే 24 డిగ్రీల కిందికి వెళ్తే గడ్డకడుతుంది, మీ కొండ మీద చలికాలం సంగతి మీకు తెలుసు, పైగా ఏళ్లు గడిస్తే కంపుకొడుతుంది. ఏడాదికోసారి విప్పి చూసుకోండి.

*ప్రశ్న: మావారు వాడేసిన బ్లేడ్లు వెంటిలేటర్ మీద పేరుస్తారు. దుమ్ము దులపబోతే వేలు తెగింది. చెత్తబుట్టలో వేద్దామంటే ఆవులు సంచులు చింపుకు తింటాయి. ఏం చేయను? — గృహిణి, బరంపురం*

మీవారొక్కరే కాదమ్మా, మా వీధిలో ఏ వెంటిలేటర్ తడిమినా బ్లేడ్లే. పాతకాలం అమెరికా ఇళ్లలో అద్దం బీరువా వెనక సన్నటి కంత ఉండేది, వాడిన బ్లేడు అందులోంచి తోస్తే గోడ లోపల పడిపోయేది, ఇప్పుడు ఆ ఇళ్లు మరమ్మతు చేసేవాళ్లకి గోడ పగలగొట్టగానే బ్లేడ్ల గుట్ట. వెంటిలేటర్ కన్నా అదే కొంత నయం.

తీపి పాల డబ్బా ఒకటి ఖాళీ అయినప్పుడు కడిగి, మూత ఉన్నదైతే మూత మీద, లేకపోతే మరో చివరన ఉలితో ఒక్క గీత కొట్టించండి, బ్లేడు దూరేంత. ఖాళీ టాల్కం పౌడర్ రేకు డబ్బా అయినా సరే. పిల్లలకి అందని ఎత్తులో పెట్టి, కొత్త బ్లేడు ఎక్కించిన వెంటనే పాతది అందులో వేయాలని మీవారికి చెప్పండి, "తర్వాత వేస్తా" అంటే మళ్లీ వెంటిలేటరే. నిండాక గీత మీద టేపు నాలుగు చుట్లు చుట్టి, పైన బ్లేడ్లు అని పెద్దక్షరాలతో ఒడియాలో రాయండి. మన ఇంట్లో తెలుగు చదువుతాం గానీ పొద్దున్నే బండి తెచ్చేవాళ్లు చదివేది ఒడియా. వాళ్ల చేతికే ఇచ్చి ఇందులో ఏముందో నోటితో కూడా చెప్పండి, లేదా పాతసామాన్ల వాళ్లకి చెప్పి ఇవ్వండి, ఉక్కే కదా. ఇది ఏటా పడే పని కాదులెండి. వారానికి ఒక బ్లేడు చొప్పున నేను మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది, మా డబ్బా ఇంకా సగం దాటలేదు.